ఇటుకల బాట వేసిన కార్ల్ ఫిషర్

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఇండియానా అనునది వ్యవసాయమునకు పేరుగన్న రాష్ట్రము. అచ్చటి నేల చాలవరకు చదునైనది. వేసవిలో కనుచూపు మేర మొక్కజొన్న చేలే కానవచ్చును. ఆ రాష్ట్రమందలి గ్రీన్స్‌బర్గ్ అను చిన్న పట్టణమున 1874వ సంవత్సరము జనవరి 12వ తేదీన కార్ల్ గ్రాహం ఫిషర్ జన్మించెను. మోటారు కార్ల వేగమును పరీక్షించుటకై నిర్మింపబడిన బాటలలో ప్రపంచ ప్రసిద్ధి గాంచిన ఇండియానాపోలిస్ పందెపు బాట ఇతని సృష్టియే. దానిని నిర్మించినవానికి బాల్యమునుండి చూపు మందమగుట విచిత్రము.

ఫిషర్ పసివాడై యుండగానే తండ్రి త్రాగుడునకు లోబడి కుటుంబమును విడిచిపోయెను. సంసారభారము తల్లిపై బడెను. బడిలో నల్లబల్లపై వ్రాసిన అక్షరములు బాలునకు స్పష్టముగా కనబడెడివి కావు. కంటి అద్దములతో సరిదిద్దదగిన లోపమే అది. కాని ఆ కాలమున పేదయింటి పిల్లవాని కన్నులను పరీక్షింపించువారెవరు? పండ్రెండవ యేట అతడు బడి మానివేసెను. కొన్నాళ్ళు కిరాణా దుకాణమున పనిచేసెను. మరికొన్నాళ్ళు పుస్తకముల అంగడిలో నుండెను. రైలు పెట్టెలలో తిరుగుచు వార్తాపత్రికలను, మిఠాయిలను అమ్మెను. దారిన పోవువానిని నిలిపి తన సరుకువైపు చూచునట్లు చేయు విద్య అతనికి అబ్బినది ఈ రైలు పెట్టెలలోనే.

1891లో, పదునేడేండ్ల ప్రాయమున, అతడు తన సోదరు లిరువురితో కలిసి ఇండియానాపోలిస్ నగరమున సైకిళ్ళు బాగుచేయు దుకాణమును తెరచెను. దేశమంతటను సైకిలు మోజు వ్యాపించిన రోజులవి. దుకాణము నడుపుట ఒక యెత్తు, దానిని గూర్చి ఊరివారందరును మాటలాడుకొనునట్లు చేయుట ఒక యెత్తు. ఈ రెండవ పనియే ఫిషర్‌కు మిక్కిలి ప్రీతి. ఒకమారు రెండు ఎత్తైన భవనముల నడుమ త్రాడు కట్టించి, దానిపై సైకిలు త్రొక్కుకొనుచు పోయెను. మరియొకమారు నగరమందలి మిక్కిలి ఎత్తైన భవనముపైనుండి ఒక సైకిలును క్రిందికి త్రోసి, విరిగిన దానిని తన దుకాణమునకు తెచ్చినవానికి క్రొత్త సైకిలు బహుమతిగా నిచ్చెదనని ప్రకటించెను. పోలీసులు వలదన్నను మానలేదు. చూపు సరిగా లేనివాడు త్రాడుపై సైకిలు నడుపుట సాహసమో, తెలివిమాలిన పనియో నిర్ణయించుట కష్టము. ఏమైనను దుకాణమునకు జనము వచ్చిరి.

ఇరువదవ శతాబ్దము ప్రారంభమగుసరికి మోటారు కార్లు వీధులలోనికి వచ్చెను. ఫిషర్ సైకిళ్ళను వదలి కార్లను అమ్మసాగెను. తానును పందెములలో పాల్గొనెను. అమెరికాలో వెలసిన తొలి కార్ల దుకాణములలో అతనిది యొకటి. 1908 అక్టోబరులో ఒక పెద్ద బెలూనునకు బుట్టకు మారుగా స్టొడార్డ్-డేటన్ కారును వ్రేలాడదీసి, అందులో కూర్చుండి నగరము మీదుగా ఎగిరెను. ఊరి వెలుపల నేలకు దిగి, ఆ కారునే నడుపుకొనుచు తిరిగివచ్చెనని జనులు చప్పట్లు కొట్టిరి. నిజమునకు, బరువు తగ్గించుటకై ఎగిరిన కారునుండి యంత్రమును ముందే తీసివైచియుండిరి. అతడు నడుపుకొని వచ్చినది అదే పోలికగల మరియొక కారు. ఇట్టి తమాషాలలో సత్యమును కొంచెము సాగదీయుటకు ఫిషర్ వెనుకాడువాడు కాడు.

అతనికి నిజమైన సంపదను తెచ్చినది ఒక దీపము. ఆనాటి కార్లకు కట్టిన కిరసనాయిలు లాంతర్ల వెలుగు ముందున్న గోతిని చూపుటకు చాలెడిది కాదు. ప్రొద్దు గ్రుంకిన పిమ్మట కారు నడుపుట ప్రాణములతో చెలగాటమే. 1904లో ఫ్రెడ్ ఏవరీ అను నతడు, అసిటిలీన్ వాయువును లోహపు సీసాలో అదిమి నింపి దీపములకు వాడు విధానమును ఫిషర్‌కు చూపెను. ఫిషర్ ఆ విధానపు విలువను వెంటనే గ్రహించి, తన మిత్రుడగు జేమ్స్ ఆలిసన్‌ను కలుపుకొని ప్రెస్టోలైట్ అను పేరుతో దీపముల సీసాలను తయారుచేయ మొదలిడెను. కొలది సంవత్సరములలోనే దేశమందలి అనేక కార్లకు ఈ దీపములు అమర్పబడెను. మిత్రులిరువురును లక్షాధికారులైరి. కాని ఆ వాయువు నిప్పుతో సమానమైనది. నగరము నడుమనున్న కర్మాగారమున ఒకటికి మించి ప్రేలుళ్ళు సంభవించుటచే, తుదకు దానిని ఊరి వెలుపలికి తరలింపవలసి వచ్చెను.

ఆ కాలపు కార్ల స్థితి ఎట్టిదో తెలిసిననే గాని ఫిషర్ ఆలోచన అర్థము కాదు. ఇండియానాపోలిస్‌లో మార్మన్, నేషనల్ మొదలగు కార్లను తయారుచేయు కంపెనీలు పెక్కు లుండెను. కాని తయారైన కారు ఎంత వేగముగా పోగలదో, ఎంతసేపు చెడకుండ పరుగిడగలదో పరీక్షించుటకు తగిన చోటు లేదు. పల్లెబాటలు వానకు బురద, ఎండకు దుమ్ము. వానిపై వేగముగా పోయినచో ఎదురగు బండికో, పశువునకో ముప్పు. గుఱ్ఱపు పందెములకై వేసిన మట్టి బాటలపై కార్ల పందెములు జరుగుచుండెను గాని, ఆ బాటలు మిక్కిలి పొట్టివి. ముందు కారు రేపిన దుమ్ములో వెనుక కారు నడుపువానికి ఏమియు కనబడదు. 1905లో ఫిషర్ ఫ్రాన్సు దేశమునకు పోయి, అచ్చటి పందెములలో ఐరోపా కార్లు అమెరికా కార్లను సులభముగా మించిపోవుటను కన్నులార చూచెను. ఆ లోటు అతని మనస్సులో ముల్లువలె నాటుకొనెను.

కార్ల కొరకే ప్రత్యేకముగా మూడు మొదలు ఐదు మైళ్ళ చుట్టుకొలతగల విశాలమైన బాటను నిర్మింపవలయునని అతడు 1906లో ఒక మోటారు పత్రికకు లేఖ వ్రాసెను. అట్టి బాటపై కంపెనీలవారు వారమంతయు తమ కార్లను పరీక్షించుకొనవచ్చును. అప్పుడప్పుడు పందెములు జరిపి ఏ కారు మేలైనదో జనులకు చూపవచ్చును. 1907లో ఇంగ్లండునందు బ్రూక్‌లాండ్స్ అనుచోట ఇట్టి బాటయే కాంక్రీటుతో నిర్మింపబడెను. ఫిషర్ దానిని దర్శించి తిరిగివచ్చిన పిమ్మట స్థలమునకై వెదకెను. తొలుత ఫ్రెంచ్ లిక్ అను ఊరివైపు చూచెను గాని అది గుట్టలతో కూడిన ప్రదేశము. 1908 చివర, ఇండియానాపోలిస్ నగరమునకు వాయవ్యమున కొన్ని మైళ్ళ దూరములో 320 ఎకరముల చదునైన వ్యవసాయభూమి కంటబడెను. దానిని 72 వేల డాలర్లకు బేరమాడిరి.

ఫిషర్‌తో ఈ పనిలో ముగ్గురు భాగస్వాములు చేరిరి. ఒకడు ఆలిసన్. రెండవవాడు నేషనల్ కార్ల కంపెనీకి చెందిన ఆర్థర్ న్యూబీ. మూడవవాడు కార్బురేటర్లు తయారుచేయు ఫ్రాంక్ వీలర్. 1909 మార్చి 20వ తేదీన రెండున్నర లక్షల డాలర్ల మూలధనముతో కంపెనీ ఏర్పడెను.

బాట ఆకారము నిర్ణయించుటకు న్యూయార్కునుండి ఆండ్రూస్ అను ఇంజనీరును రప్పించిరి. తొలుత మూడు మైళ్ళ చుట్టును తలపెట్టిరి. కాని ప్రేక్షకులు కూర్చుండు మంచెలకు చోటు చాలదని రెండున్నర మైళ్ళకు తగ్గించిరి. మూలలు గుండ్రనగు దీర్ఘచతురస్రమువలె అది యుండును. పొడవైన ప్రక్కలు రెండును ఒక్కొక్కటి మైలులో ఐదు ఎనిమిదవ వంతులు. పొట్టి ప్రక్కలు ఒక్కొక్కటి మైలులో ఎనిమిదవ వంతు. నాలుగు మలుపులును తలకొక పావు మైలు. వేగముగా పోవు వాహనము మలుపు తిరుగునపుడు వెలుపలికి జారిపోజూచును. కావున మలుపులయందు బాట వెలుపలి అంచును తొమ్మిది డిగ్రీలకు పైగా వాలునట్లు ఎత్తుచేసిరి.

ఐదువందలమంది కూలీలు, మూడువందల కంచరగాడిదలు, ఆవిరి యంత్రములు ఆ వసంతకాలమంతయు పనిచేసెను. దిమ్మిస కొట్టిన మట్టిపై రెండంగుళముల కంకర పరచిరి. దానిపై రెండంగుళముల సున్నపురాయి ముక్కలు వేసి, తారును నూనెను కలిపిన ద్రవమును పోసిరి. ఆపైన రాతి నలుసులు, మరల తారు, మరల రాతిపొడి. ఆనాటి రోడ్ల నిర్మాణములో ఇది మేలైన పద్ధతియే. గుఱ్ఱపు బండ్లు నడచు వీధికి అది చాలియుండెడిది.

బాట పూర్తికాకముందే, జూన్ 5వ తేదీన, ఫిషర్ ఆ స్థలమున బెలూనుల పందెము జరిపెను. తొమ్మిది బెలూనులు ఎగిరెను; ఒకదానిలో అతడును కూర్చుండెను. వేలకొలది జనము వచ్చిరి గాని, ఆకాశమున ఎగురు బెలూనును చూచుటకు టిక్కెట్టు ఎందులకని పలువురు కంచె వెలుపలనే నిలిచి చూచిరి. ఇది నవ్వుకొనదగిన నష్టము. తరువాత జరిగినవి అట్టివి కావు.

ఆగస్టు 14వ తేదీన మోటారు సైకిళ్ళ పందెము లేర్పాటయ్యెను. వాడి రాళ్ళతో నిండిన ఆ బాటను చూచి సైకిళ్ళవారు భయపడిరి. పదునైదు పందెములు జరుగవలసియుండగా ఏడు మాత్రమే జరిగెను, మరునాటివి మానివేయబడెను. అది యొక హెచ్చరిక. కాని కార్ల పందెములకు ఐదు దినములే గడువుండెను. టిక్కెట్లు అమ్ముడుపోయెను, పోటీదారులు వచ్చియుండిరి. బాటను తిరిగి వేయుటకు వ్యవధి లేదు. పందెములు ఆపివేయుటకు ఫిషర్‌కు గాని అతని భాగస్వాములకు గాని మనసొప్పలేదు.

ఆగస్టు 19వ తేదీన కార్లు బాటపైకి వచ్చెను. బరువైన కార్ల చక్రములు తారు పొరను చీల్చివైచెను. రాళ్ళు ఊడి వెనుకనున్నవారి ముఖములపైకి తూటాలవలె లేచెను. పేరుగన్న పందెగాడు లూయీ షెవ్రొలే కంటి అద్దములు రాతిదెబ్బకు పగిలి, అతడు పందెము విరమింపవలసి వచ్చెను. బాటలో గోతులు పడెను. ఆనాటి దీర్ఘమగు పందెము సగము జరుగునప్పటికి విల్‌ఫ్రెడ్ బుర్క్ నడుపుచున్న కారు పల్టీకొట్టెను. అతడును, ప్రక్కన కూర్చున్న మెకానిక్కు హారీ హోల్‌కంబ్‌యును మరణించిరి. రాత్రివేళ గోతులను పూడ్పించి మరునాడు పందెములు కొనసాగించిరి. ఆ రెండవ దినము ప్రాణాపాయము లేకుండ గడచెను. క్రొత్త వేగపు రికార్డులు కూడ నెలకొనెను.

మూడవ దినము 300 మైళ్ళ పందెము. ప్రేక్షకులు ముప్పదివేలకు మించిరి. 175 మైళ్ళు గడచినపిమ్మట చార్లీ మెర్జ్ కారు ముందు టైరు పగిలెను. కారు కంచెను విరుచుకొని జనములోనికి దూకెను. ఇరువురు ప్రేక్షకులును, కారులోని మెకానిక్కును ప్రాణములు కోల్పోయిరి. కొంతసేపటికి మరియొక కారు గోతిలో పడి వంతెన స్తంభమునకు గ్రుద్దుకొనెను. 235 మైళ్ళవద్ద అధికారులు పందెమును నిలిపివేసిరి. మిగిలిన పోటీదారులకు బహుమతి పాత్రలకు మారుగా యోగ్యతాపత్రములు మాత్రము లభించెను. మూడు దినములలో ఐదుగురు మృతిచెందిరి.

కార్లను నిరపాయముగా పరీక్షించుటకు చోటు కావలెనని చెప్పి నిర్మించిన బాట ఇది. పత్రికలు తీవ్రముగా విమర్శించెను. బాటను బాగుచేయనిదే ఇకమీదట అచ్చటి పందెములలో పాల్గొనబోమని పందెములను నియంత్రించు అమెరికా ఆటోమొబైలు సంఘము హెచ్చరించెను. ఆ మరణములకు మూలము ఆ పోటీదారుల దుస్సాహసము కాదు. వారి చక్రముల క్రింద నిలువని నేల. ఆ నేలను వారికి అందించినవారిలో ముఖ్యుడు ఫిషర్. ఆగస్టు 14వ తేదీన అతని కన్నులు ఆ బాటను చూడకపోలేదు.

భాగస్వాముల యెదుట రెండు మార్గము లుండెను. భూమిని అమ్మి నష్టమును తగ్గించుకొనుట ఒకటి. మరల ధనము పెట్టి బాటను మొదటినుండి వేయుట మరియొకటి. వారు రెండవదానిని ఎన్నుకొనిరి. అయితే దేనితో వేయవలయును? కాంక్రీటా, ఇటుకయా అను చర్చ వచ్చెను. వీధులకు వేయు గట్టి ఇటుకలను కొంతమేర పరచి, వానిపై కార్ల చక్రములను వేగముగా త్రిప్పించి పరీక్షించిరి. ఇటుకలు కదలలేదు, చక్రములు జారలేదు. ముందు చేసి చూడవలసిన పరీక్ష ఇదియే. ఐదుగురు పోయిన పిమ్మట చేసిరి.

తొలి పందెములు జరిగి నెల తిరుగకముందే పని ఆరంభమయ్యెను. ఇండియానాలోని ఐదు ఇటుకల కర్మాగారములనుండి రైలుపెట్టెలలో ఇటుకలు వచ్చి దిగెను. ఒక్కొక్కటి సుమారు పది పౌనుల బరువు. పాత బాటపై రెండంగుళముల ఇసుక పరచి, దానిపై ఇటుకలను చేతులతో ఒక్కొక్కటిగా పేర్చి, రోలరుతో సమము చేసి, సందులలో సిమెంటు గచ్చు నింపిరి. 63 దినములలో 32 లక్షల ఇటుకలు పరచిరి. అనగా దినమునకు సగటున ఏబదివేలకు పైగా. చలికాలము ముంచుకొని వచ్చుచున్నను కూలీలు పని ఆపలేదు. పని ముగియకముందే ఊరివారు ఆ స్థలమునకు ఇటుకల ఆవరణ అని మారుపేరు పెట్టిరి. ఆ పేరు నేటికిని నిలిచియున్నది. ప్రధాన ప్రేక్షకమంచె ముందును, నాలుగు మలుపులయందును 33 అంగుళముల ఎత్తుగల కాంక్రీటు గోడను కట్టిరి. జనమునకును కార్లకును నడుమ అంతకు మునుపున్నది చెక్క కంచె మాత్రమే.

చిట్టచివరి ఇటుకను ఇత్తడితో చేయించి బంగారు పూత పూయించిరి. డిసెంబరులో రాష్ట్ర గవర్నరు థామస్ మార్షల్ దానిని తన చేతితో అమర్చెను. తమాషాలు చేయు పాత ఫిషర్ ఇందులో మరల కనబడును. ఆ దినములలో గడ్డకట్టు చలిలోనే కొందరు పందెగాండ్రు క్రొత్త బాటపై కార్లను పరుగెత్తించి చూచిరి. వేగము గంటకు 110 మైళ్ళు దాటెను. ఒక్క రాయియు ఎగురలేదు.

1910లో సెలవుదినములందు అనేక పందెములు జరిపిరి. చిన్నవి, పెద్దవి కలిపి అరువదికి పైగా జరిగెను. తొలుత జనము విరివిగా వచ్చిరి, రానురాను పలుచబడిరి. చూచినదే మరల మరల చూచుటకు ఎవరు వత్తురు? అప్పుడు ఫిషరును అతని మిత్రులును ఒక నిర్ణయమునకు వచ్చిరి. ఏడాదికి ఒకే పందెము. కాని అది మిక్కిలి దీర్ఘమైనదిగాను, బహుమతి మిక్కిలి పెద్దదిగాను ఉండవలయును. ఇరువదినాలుగు గంటల పందెమును గూర్చి కూడ ఆలోచించిరి. ఉదయము వచ్చిన ప్రేక్షకుడు సాయంకాలమునకు ఇల్లు చేరవలెనను లెక్కతో 500 మైళ్ళని నిశ్చయించిరి. అనగా ఆ బాట చుట్టును రెండువందల మారులు తిరుగవలయును.

1911 మే 30వ తేదీన నలుబది కార్లు వరుసలు దీరెను. నిలిచియున్న ఇన్ని కార్లు ఒక్కమారు బయలుదేరినచో ఒకదానినొకటి గ్రుద్దుకొనునని ఫిషర్ యోచించి, తానే స్టొడార్డ్-డేటన్ కారులో ముందు నడచెను. కార్లన్నియు అతని వెంట నెమ్మదిగా ఒక చుట్టు తిరిగి, ఆ పరుగుమీదనే పందెమును ప్రారంభించెను. ఈ పద్ధతి అక్కడ నేటికిని సాగుచున్నది.

నాటి పందెములలో చోదకుని ప్రక్క ఒక మెకానిక్కు కూర్చుండి, వెనుకనుండి వచ్చు కార్లను గూర్చి హెచ్చరించుట వాడుక. ఇండియానాపోలిస్‌లోనే తయారైన మార్మన్ వాస్ప్ అను పసుపుపచ్చని కారులో రే హారన్ ఒంటరిగా కూర్చుండెను. వెనుక చూచువాడు లేనిదే అది ప్రమాదకరమని ఇతరులు ఆక్షేపింపగా, అతడు తన యెదుట చిన్న అద్దమును బిగించుకొనెను. నేడు ప్రతి కారునందును కనబడు అద్దము పందెములలోనికి వచ్చిన కథ ఇది. హారన్ 500 మైళ్ళను 6 గంటల 42 నిమిషములలో ముగించి గెలుపొందెను. సగటు వేగము గంటకు 74 మైళ్ళకు పైచిలుకు. కాని ఆనాడును ఒక ప్రాణము పోయెను. పదుమూడవ చుట్టులో ఒక కారు చక్రము ఊడి మెకానిక్కు శామ్ డిక్సన్ మరణించెను. ఇటుకల బాట రాళ్ళను ఆపగలిగెను. వేగముతో వచ్చు అపాయమునంతటిని ఆపలేకపోయెను. ఆ పిమ్మట గడచిన సంవత్సరములలోను అచ్చట మరణములు సంభవించుచునే వచ్చెను.

పందెపు బాట స్థిరపడగనే ఫిషర్ దృష్టి దేశమందలి రోడ్లపైకి మరలెను. మేలైన కార్లు తయారగుచుండెను. అవి పరుగెత్తుటకు దారి ఏది? ఊరి పొలిమేర దాటినంతనే రోడ్డు బురదలో కలిసిపోవుచుండెను. తూర్పు సముద్రతీరమునుండి పడమటి సముద్రతీరము వరకు కంకర రోడ్డు వేయవలెనని 1912 సెప్టెంబరులో ఇండియానాపోలిస్‌లో జరిగిన ఒక విందులో అతడు కార్ల వర్తకుల యెదుట ప్రతిపాదించెను. కోటి డాలర్లు చందాలుగా పోగుచేయవలెనని అతని యూహ. హెన్రీ ఫోర్డు మాత్రము చందా ఈయనిరాకరించెను. రోడ్లు వేయుట ప్రభుత్వము చేయవలసిన పని యనియు, కంపెనీలే వేసిపెట్టినచో జనులు ప్రభుత్వమును అడుగుట మానుదురనియు అతని వాదము. ఇందులో సత్యము లేకపోలేదు. కోటి డాలర్లు ఎన్నడును చేరలేదు. అయినను 1913లో లింకన్ హైవే సంఘము ఏర్పడెను. న్యూయార్కునుండి శాన్‌ఫ్రాన్సిస్కో వరకు 3,389 మైళ్ళ మార్గమును గుర్తించిరి. రోడ్డంతయు వేయుటకు డబ్బు చాలక, అచ్చటచ్చట ఒక్కొక్క మైలు కాంక్రీటు రోడ్డును మాత్రము మచ్చునకు వేసి చూపిరి. ఆ మైలుపై హాయిగా నడచి, దాని చివర మరల బురదలో దిగినవాడు ఊరికి పోయి మంచి రోడ్డు కావలెనని అడుగకుండునా? 1915 ప్రాంతమున ఉత్తరమునుండి దక్షిణమునకు పోవు డిక్సీ హైవేకు కూడ ఫిషర్ కారకుడయ్యెను.

ఆ దక్షిణపు దారి చివరనున్న ఫ్లారిడాలో అతడు మరియొక సాహసమునకు పూనుకొనెను. మయామి నగరమున కెదురుగా సముద్రములోనున్న మడచెట్ల దీవిని నరికించి, అఖాతపు అడుగునుండి ఇసుకను తోడించి పోయించి, మయామి బీచ్ అను విహారనగరమును లేపెను. అచ్చట అతని సంపద కోట్లకు పెరిగెను. అయితే ఆ నగరమును తమ చేతులతో కట్టిన నల్లజాతి కూలీలకు అందులో కాపురముండు హక్కు లేకుండెను. ఫిషర్ కీర్తిని చెప్పువారు ఈ విషయమును తరచుగా విడిచివేయుదురు.

పందెపు బాటకు అతడు క్రమముగా దూరమయ్యెను. 1927లో దానిని ఎడ్డీ రికెన్‌బాకర్ బృందమునకు విక్రయించిరి. మొదటి ప్రపంచ యుద్ధములో విమానవీరుడుగా పేరుపొందిన ఈ రికెన్‌బాకర్, 1911 నాటి తొలి 500 మైళ్ళ పందెములో కారు నడిపినవారిలో ఒకడు. అంతకు ముందు సంవత్సరము సెప్టెంబరులో ఘోరమైన తుఫాను మయామి బీచ్‌ను చిన్నాభిన్నము చేసియుండెను. ఫిషర్ అప్పటికే న్యూయార్కు సమీపమున మాంటాక్ అనుచోట వేల ఎకరములు కొని మరియొక విహారనగరమునకు పునాదులు వేసియుండెను. ధనమంతయు భూములలోను, భవనములలోను చిక్కుకొనెను. 1929లో ఆర్థికమాంద్యము విరుచుకొని పడగా అప్పులవారు చుట్టుముట్టిరి. ఒకనాడు కోట్లు గడించినవాడు మయామి బీచ్‌లోనే ఒక చిన్న ఇంట కాలము గడపుచు, పాత మిత్రులు ఏర్పరచిన నెల జీతముతో జీవింపవలసి వచ్చెను. 1939 జూలై 15వ తేదీన, అరువదియైదవ యేట, అతడు కన్నుమూసెను. అతని సమాధి ఇండియానాపోలిస్ నగరమందలి క్రౌన్ హిల్ శ్మశానవాటికలో నున్నది.

అతడు పోవునప్పటికే ఇటుకలు కనుమరుగగుచుండెను. వేగము పెరిగినకొలది ఇటుకల ఎగుడుదిగుళ్ళు కార్లను కుదుపసాగెను. 1930లలో మలుపులపైనను, తరువాత ఇతర భాగములపైనను తారు పరచిరి. రెండవ ప్రపంచ యుద్ధకాలమున బాట పాడుపడి గడ్డి మొలచెను. 1945లో టోనీ హల్మన్ అను వర్తకుడు దానిని కొని మరల నిలబెట్టెను. 1961లో మిగిలిన ప్రధాన భాగమునకు కూడ తారు వేసినపుడు, పందెము మొదలై ముగియు గీతవద్ద మాత్రము ఒక గజము వెడల్పున ఇటుకలను అట్లే వదలిరి. తక్కిన ఇటుకలలో చాలభాగము తారు క్రింద నేటికిని పడియున్నవి. 1996లో అచ్చట ఒక పందెము గెలిచిన డేల్ జారెట్ కారు దిగివచ్చి, ఆ గజము వెడల్పు ఇటుకలపై మోకరిల్లి ముద్దిడెను. ఆ తరువాత గెలిచినవారును అట్లే చేయుచున్నారు.